నలభైకి ఇవతల

ఇది ఎందుకు రాస్తున్నానో ముందు చెప్పాలి. మా ఆయనకు వికలాంగుల పింఛను కోసం తిరిగిన రోజుల్లో నాకు ఏమీ అనిపించలేదు. ఏడుపు రాలేదు, కోపం రాలేదు. బాధపడిన రోజులు మనిషికి గుర్తుంటాయి గానీ ఏమీ అనిపించని రోజులు జారిపోతాయి. ఇప్పటికే కొన్ని జారిపోయాయి. మొదటిసారి క్యాంపుకు పోయిన రోజు వాన పడిందా లేదా అని మొన్న మా పక్కింటి పిన్నితో వాదన వచ్చింది. ఎవరి మాట నిజమో తేలలేదు. మిగిలినవి కూడా పోకముందే కాగితం మీద పెట్టాలనుకున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. మా నాచారం లైబ్రరీలో ఆత్మకథల అర మొత్తం నేను చదివాను. అందులో జైలుకు పోయినవాళ్ళు ఉన్నారు, ఎన్నికల్లో గెలిచినవాళ్ళు ఉన్నారు, ఊరూరా తిరిగి నాటకాలు వేసినవాళ్ళు, సన్యాసం పుచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. దవాఖానా వరండాలో టోకెన్ పట్టుకుని కూర్చున్నవాళ్ళు మాత్రం ఒక్కరూ కనపడలేదు. కూర్చునే ఉంటారు, రాసి ఉండరు. రేపు ఎవరైనా ఆడమనిషి మొగుణ్నో కొడుకునో వెంటబెట్టుకుని అదే వరండాకు పోతుంది. ఆమెకంటే ముందు పోయినవాళ్ళకు ఏం జరిగిందో తెలిస్తే ఆమెకు మంచిది. పేర్లు రాయను. రాయొద్దని మా ఆయన అన్నాడు. ఎట్లాగూ మా బస్తీలో అందరికీ తెలుసు.

నేను ఆరో తరగతి వరకు చదివాను. పెళ్ళయి నాచారం వచ్చేసరికి మా ఆయనకు మల్లాపూర్ పోయే రోడ్డు మీద ఒక చిన్న మడిగెలో టైలర్ షాపు ఉండేది. రెడీమేడ్ బట్టలు వచ్చాక చాలామంది దర్జీలు షాపులు మూసుకున్నారు గానీ ఈయన దగ్గరికి గిరాకీ వచ్చేది. పొట్ట ఉన్నవాళ్ళు, చేతులు పొడుగ్గా ఉన్నవాళ్ళు, ఒక భుజం కిందికి ఉన్నవాళ్ళు ఈయన దగ్గరే కుట్టించుకునేవాళ్ళు. వంకర భుజానికి కూడా చొక్కా సమంగా కూర్చునేలా కటింగ్ చేస్తాడని పేరు. కాజాలు తీయడం, గుండీలు కుట్టడం ఇంట్లో నా పని.

షాపుకు మధ్యాహ్నం అన్నం పట్టుకుపోయే దారిలోనే లైబ్రరీ. ఒక ఎండాకాలం, లోపల ఫ్యాన్ తిరుగుతోందని పోయి కూర్చున్నాను. ఊరికే కూర్చుంటే ఎవరైనా లెమ్మంటారని ఒక పేపర్ చేతిలోకి తీసుకున్నాను. అట్లా మొదలయింది. ఏది మంచి పుస్తకమో చెప్పేవాళ్ళు లేరు గనక అరల వరసలో అన్నీ చదువుకుంటూ పోయాను. తేనెటీగల పెంపకం గురించి నాకు తెలుసు. రోము చక్రవర్తుల గురించి తెలుసు. నేను మాట్లాడేది మా ఊరి మాట, రాసేది లైబ్రరీలో నేర్చుకున్న మాట. ఈ సంగతి నలుగురిలో చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, కొంచెం గర్వమే.

ఒకరోజు పొద్దున షాపులో ప్యాంటు గుడ్డ కోస్తుంటే మా ఆయన చేతిలో కత్తెర ఆగిపోయింది. తెరుచుకున్న కత్తెర మూసుకోలేదు. కత్తెర పాడయిందనుకుని ఎడమ చేతిలోకి తీసుకుని చూసుకున్నాడట. తర్వాత కుడి కాలు కూడా ఆయన మాట వినలేదు. పక్షవాతం. దవాఖానాలో కొన్ని రోజులు, ఆ తర్వాత కసరత్తులు. మాట బాగానే ఉంది. కాలు కొంత తిరిగొచ్చింది, ఈడ్చుకుంటూ నడుస్తాడు. చెయ్యి రాలేదు. వేళ్ళు లోపలికి ముడుచుకుని ఉంటాయి, విప్పితే మళ్ళీ ముడుచుకుంటాయి. మడిగె వదిలేశాం. ఆయన దగ్గరే పని నేర్చుకున్న ఒక అన్న ఆ మడిగె తీసుకున్నాడు. మిషన్ మాత్రం ఇంటికి తెచ్చి దుప్పటి కప్పి పెట్టుకున్నాం. చెయ్యి వచ్చాక కూర్చుంటానని మా ఆయన అనేవాడు.

అప్పటి నుంచి ఇల్లు నా కాజాల మీద, గుండీల మీద నడిచింది. ఆ అన్నే పని పంపేవాడు. ఇంటికి చాలేది, ఆయన మందులకు చాలేది కాదు. మందులు ఆపితే రెండోసారి వస్తుందని డాక్టర్ చెప్పాడు. రెండోసారి వస్తే ఏమవుతుందో ఆరోగ్యం అరలోని పుస్తకాల్లో నేను చదివి ఉన్నాను. అందుకే మాకు పింఛను కావాల్సి వచ్చింది.

పింఛను రావాలంటే సర్టిఫికెట్ ఉండాలి. సర్టిఫికెట్‌లో వైకల్యం నలభై శాతం ఉండాలి. ఆ శాతం డాక్టర్లు దవాఖానాలో క్యాంపు పెట్టి, చూసి వేస్తారు. ఇప్పుడు ఆ సర్టిఫికెట్‌కు పేరు మారింది, పద్ధతి కంప్యూటర్‌లోకి పోయింది గానీ జనం ఇంకా సదరం క్యాంపనే అంటారు. మీసేవలో స్లాట్ బుక్ చేస్తే క్యాంపు రోజు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది.

క్యాంపుకు ముందు రోజు మా ఆయన ఆ అన్నను పిలిపించుకుని ఒక చొక్కా కుట్టించుకున్నాడు. మంచం మీద కూర్చునే కటింగ్ చెప్పాడు. కాలర్ ఇంత, చంకలో ఇంత వదులు, కుడి భుజం కొంచెం దిగింది గనక అటువైపు ఇంత అని. రాత్రికి కాజాలు నేనే తీశాను. పెద్ద డాక్టర్ల ముందుకు పోతున్నాం, శుభ్రంగా పోవాలన్నది ఒకటి. దర్జీ ఒంటి మీద అంగీ సరిగ్గా లేకపోతే ఇన్నేళ్ళూ చేసిన పనికి విలువ ఏముందన్నది ఇంకొకటి. రెండోదాన్ని ఆయన పైకి అనలేదు.

పొద్దున్నే నీళ్ళు పోశాను. గడ్డం గీశాను. ముడుచుకున్న వేళ్ళను ఒక్కొక్కటి విప్పి చేతిని చొక్కా చేతిలోంచి బయటికి తీశాను. గుండీలన్నీ పెట్టాను. ప్యాంటు తొడిగి బెల్టు బిగించాను. తల దువ్వాను. ఇడ్లీ తుంచి పెట్టాను. ఇవన్నీ రోజూ చేసేవే, ఆ రోజు కొంచెం ఎక్కువ శ్రద్ధగా చేశాను.

మా పక్కింటి పిన్ని గోదావరి వైపు మనిషి. ఆమె భర్త చర్లపల్లిలో ఏదో కంపెనీలో పనిచేసి రిటైరయ్యాడు. గుమ్మంలో నిలబడి మా ఆయనను పైనుంచి కిందికి చూసింది.

"ఏవమ్మా, పెళ్ళిచూపులకి తీసుకెళ్తున్నట్టు ముస్తాబు చేశావు. వాళ్ళు చూసి కట్నం ఎంతని అడుగుతారు గానీ పింఛనిస్తారా?"

"మంచి సంబంధమొస్తే నేనొద్దంటనా పిన్నీ," అన్నాడు మా ఆయన.

నవ్వుకుంటూనే ఆటో ఎక్కాం.

క్యాంపు పెట్టిన దవాఖానా వరండా నిండా జనం. డాక్టర్ గది తలుపు దగ్గర ఒక అటెండర్ నిలబడి ఉన్నాడు. నడవలేనివాళ్ళకు తోడు లోపలికి పోవచ్చు, నడవగలిగినవాళ్ళు ఒక్కరే పోవాలి. అది అక్కడి పద్ధతి. అందరూ లోపలికి పోతే గదిలో చోటు చాలదు. మా ఆయన నడుస్తాడు. అందుకని అటెండర్ నన్ను ఆపాడు. మా ఆయన చెప్పులు బయట విడిచాడు. విడవమని ఎవరూ చెప్పలేదు, పెద్దమనుషుల గదిలోకి ఆయన ఎప్పుడూ చెప్పులతో పోడు. తలుపుకు తెర ఉంది. మనుషులు కనపడలేదు గానీ మాటలు వినిపించాయి.

డాక్టర్ చెయ్యి ఎత్తమన్నాడు, పిడికిలి పట్టమన్నాడు, నొక్కమన్నాడు. తర్వాత అడిగాడు. బట్టలు వేసుకుంటవా? వేసుకుంట సార్. అన్నం తింటవా? తింట సార్. స్నానం? చేస్త సార్. ఎవరైనా సాయం చేస్తరా? పర్వాలేదు సార్, నడుస్తుంది అన్నాడు మా ఆయన. అదే గొంతుతో ఆయన షాపులో గిరాకీకి, రేపటికి ఇస్త సార్ అనేవాడు.

డాక్టర్ తప్పు అని నేను అనను. బయట అంతమంది ఉన్నారు. ఎదురుగా గడ్డం గీసుకుని, తల దువ్వుకుని, కొలతకు కుట్టిన చొక్కా తొడుక్కుని ఒక మనిషి వినయంగా నిలబడి అన్నీ చేసుకుంటానని అంటున్నాడు. నేనే డాక్టర్‌నైతే నేనూ నమ్మేదాన్ని.

కొన్ని వారాల తర్వాత మెసేజ్ వచ్చింది. మీసేవకు పోయి కాగితం తీయించుకున్నాను. ముప్పై అయిదు శాతం. కింద, మెరుగయ్యే అవకాశం ఉంది అని ఇంగ్లీషులో రాసి ఉందని మీసేవ అతను చెప్పాడు. దుకాణంలో కందిపప్పు తీసుకుని ఇంటికి వచ్చాను. చాటలో పోసి ఏరడం మొదలుపెట్టాను.

"ఎంతొచ్చింది?" అన్నాడు మా ఆయన.

"ముప్పై అయిదు."

చాట వైపు చూశాడు. తర్వాత అన్నాడు:

"అంటే పాసైనట్టే గద. మా స్కూల్ల గదే పాస్ మార్కు."

"ఇక్కడ నలభై."

"ఏ సర్కారైనా మనకాడికొచ్చేసరికి పాస్ మార్కు పెంచుతది."

నేను పప్పు ఏరుతూనే ఉన్నాను. రాళ్ళేమీ లేవు. అయినా మొత్తం ఏరాను.

మరుసటి రోజు లైబ్రరీకి పోయాను. అక్కడ మేడం ఒకామె ఉంటుంది, నన్ను చాలా ఏళ్ళుగా చూస్తోంది. వికలాంగుల హక్కుల చట్టం తెలుగులో కావాలని అడిగాను. పరీక్షలకు చదివే పిల్లల అరలోంచి ఒక పుస్తకం తీసి ఇచ్చింది. అందులో లేని నిబంధనలను ఆమె కంప్యూటర్‌లో వెతికి ప్రింట్ తీసి ఇచ్చింది. ఇచ్చిన శాతం ఒప్పుకోకపోతే అప్పీలు చేసుకోవచ్చని, ఇంకో బోర్డు మళ్ళీ పరీక్ష చేస్తుందని అందులో ఉంది. చెయ్యి పనిచేయనివాళ్ళకు ఏమేం చూడాలో కూడా ఉంది. ముద్ద కలుపుకుని తినగలడా, చొక్కా తొడుక్కోగలడా, గుండీలు పెట్టుకోగలడా, గ్లాసు ఎత్తి తాగగలడా, తల దువ్వుకోగలడా, నాడా కట్టుకోగలడా.

ఆ వరస చదువుతుంటే నా పొద్దుటి పనులు ఎవరో చూసి రాసినట్టు ఉంది. ఒక్కటి కూడా ఆయన చేసుకోడు. అన్నీ నేను చేస్తాను. అన్నీ అయ్యాక ఆయనను బయటికి పంపుతాను. చూసేవాళ్ళకు అన్నీ అయిన మనిషే కనపడతాడు.

అప్పీలు నేనే రాశాను. నా చదువంతా అందులో పెట్టాను. చట్టం ఉద్దేశం ఏమిటో మొదలుపెట్టి, మెదడులో రక్తనాళం మూసుకుంటే చేతికి ఏమవుతుందో వివరించి, సమాజంలో శ్రమకు ఉన్న గౌరవం గురించి ఒక పేరా రాసి, మహాశయా అని మూడు చోట్ల సంబోధించాను. కాగితాలు ఇటూ అటూ రాసి చాలా అయ్యాయి. మా ఆయనకు చదివి వినిపిస్తే సగంలో నిద్రపోయాడు.

ఆఫీసులో అప్పీళ్ళు తీసుకునే గుమాస్తా నడివయసు మనిషి. నా కాగితాలు చేతిలో పట్టుకుని బరువు చూసినట్టు చూశాడు. మొదటి పేజీ చదివాడు, చివరి పేజీ తిప్పాడు.

"బాగ రాసినవమ్మా. ఏం చదివినవ్?"

"ఆరు, సార్. మిగతాది లైబ్రరీల."

"లైబ్రరీ అంతా దీన్ల పెడితే ఎట్లమ్మా. బోర్డు దగ్గర ఒక్కో కేసుకు ఎంతసేపుంటదో ఎరుకేనా? ఒక్క ముక్క రాయి. ఆ సర్టిఫికెట్ల తప్పేందో, మళ్ళెందుకు సూడాల్నో. గంతే."

నాకు కొంచెం చివుక్కుమంది. ఆ రోజుల్లో నాకు ఏదైనా అనిపించిందంటే అదొక్కటే. ఆయన తెల్లకాగితం ఒకటి ఇచ్చాడు. మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాను. చట్టం పక్కన పెట్టాను, రక్తనాళం పక్కన పెట్టాను. చివరికి ఇట్లా రాశాను: మొదటి పరీక్షలో నా భర్త చేసుకుంటానని చెప్పిన పనులన్నీ రోజూ నేను చేస్తున్నాను. ఆయన చేసుకోలేడు. దయచేసి మళ్ళీ చూడండి.

గుమాస్తా చదివి ముద్ర కొట్టాడు. పెద్ద దరఖాస్తును కూడా వెనక్కి ఇవ్వకుండా, వెనకాల జతచేస్తా పోనీ అన్నాడు. ఎవరూ చదవరని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు.

అప్పీలు బోర్డు తేదీ వచ్చేసరికి ఎండాకాలం అయిపోయింది. ఈలోపు సలహాలు చాలా వచ్చాయి. గడ్డం పెంచమన్నారు. లుంగీ మీద తీసుకుపొమ్మన్నారు. లోపలికి పోతూ గోడ పట్టుకోవాలని, రెండుసార్లు తూలాలని ఒకాయన చేసి చూపించాడు. పిన్ని మాత్రం పొడుగు చేతుల టీషర్టు ఒకటి తెచ్చి, కనీసం గుండీల బాధైనా ఉండదంది. మా ఆయన దాన్ని ఎత్తి చూసి, దిండుకు గలీబు తొడిగినట్టుంటది పిన్నీ, నాకొద్దన్నాడు.

ముందు రోజు సాయంత్రం నేను ఒక మాట అన్నాను. అది చెప్పడానికి చాలా రోజుల నుంచి చూస్తున్నాను.

"రేపు నేను నీకు చెయ్యి పెట్ట."

"అంటే?"

"పొద్దుగాల లేసినకాడి నుంచి నీ పనులన్నీ నువ్వే చేస్కో. ఎట్లైతే అట్ల. ఎట్లున్నవో గట్లనే పోదాం."

"నాటకం జేద్దామంటవ్."

"ఇన్ని రోజులు చేసిందే నాటకం. రేపొక్కరోజు బంద్ చేద్దాం."

ఆయన గోడ వైపు చూశాడు. "ఆ గల్లీలకెల్లి నేను గట్ల నడువాల్నా? నా అంగీలు తొడుక్కున్నోళ్ళు సూస్తరు."

"సూడని."

"నీకు మంచిగనే ఉంటది, నడిసేది నేను."

లేచి పోయి బియ్యం కడిగాను. ఆ రాత్రి ఆయన సరే అనలేదు.

పొద్దున ఆయనే ముందు లేచాడు. నేను వంటగది గడప మీద కూర్చున్నాను. నీళ్ళు ఎడమ చేత్తో ఒంటి మీద గుమ్మరించుకున్నాడు, వీపుకు అందలేదు. గడ్డం వద్దనుకున్నాడు. అదే చొక్కా తీశాడు. రోజూ నేను కుడి చెయ్యే ముందు దూరుస్తాను గానీ ఆయన ఎప్పుడూ గమనించలేదు. ఎడమ చెయ్యి ముందు వేసుకున్నాడు. తర్వాత కుడి చెయ్యి అందులోకి పోలేదు. తీసి మళ్ళీ వేసుకున్నాడు. వేళ్ళు చొక్కా చేతిలో చిక్కుకున్నాయి. పళ్ళతో గుడ్డ పట్టుకుని లాగాడు.

గుండీల దగ్గర చాలాసేపు పట్టింది. ఆ కాజాలు నేనే తీశాను, బిగుతుగా తీస్తాను, వదులు కాజా మంచి పని కాదు. ఒక్క చేత్తో దాంట్లోంచి గుండీ తోయాలంటే బాగున్న చేతికి కూడా కష్టమే. మధ్యలో ఒకటి పట్టింది, అదీ కింది కాజాలో. నా చేతులు ఒడిలో పెట్టుకున్నాను. కాసేపయ్యాక ఒకదాన్ని ఇంకోదానితో పట్టుకున్నాను. ఆయన నా వైపు చూడలేదు. అడగలేదు. చివరికి, చాలు పోదాం అన్నాడు.

గల్లీ దాటి రోడ్డు మీదికి వస్తే ఆ అన్న షాపు, అంటే మా పాత షాపు. అన్న అప్పుడే షట్టర్ ఎత్తుతున్నాడు. మా ఆయనను చూసి షట్టర్ వదిలేసి వచ్చాడు. చొక్కా ఒకవైపు పైకి, ఒకవైపు కిందికి ఉంది, లోపల బనియన్ కనపడుతోంది. గురువు చొక్కా అట్లా ఉంటే దర్జీ చెయ్యి ఊరుకోదు. ఏమీ అనకుండానే చొక్కా మీద చెయ్యి పెట్టి తప్పు గుండీ తీయబోయాడు.

"అన్నా, వద్దు," అన్నాను.

అన్న చెయ్యి అక్కడే ఆగింది. మా ఇద్దరి మొహాలూ చూశాడు. అర్థమయింది. వెనక్కి జరిగి రోడ్డు మీదికి పోయి ఒక ఆటోను ఆపాడు. మా ఆయనను ఎక్కించేటప్పుడు ఆ చొక్కా వైపు చూడకుండా ఎక్కించాడు. ఉప్పల్ రింగ్ రోడ్డు దాకా మా ఆయన బయటికే చూస్తూ ఉన్నాడు. పైన మెట్రో పోతుంటే తల ఎత్తి చూశాడు.

బోర్డులో ముగ్గురు డాక్టర్లు. ఈసారి నన్ను కూడా లోపలికి రమ్మన్నారు, మాట్లాడొద్దన్నారు. మధ్యలో ఒక పెద్ద డాక్టరమ్మ కూర్చుని ఉంది. ఫైలు చూసింది. చెయ్యి పరీక్ష చేశారు, వేళ్ళు విప్పి చూశారు, గ్లాసు ఎత్తమన్నారు, అది బల్ల మీద దొర్లింది. ఇదంతా ఒకాయన రాసుకుంటున్నాడు. అప్పుడు డాక్టరమ్మ ఫైలు మూసి మా ఆయన చొక్కా వైపు చూసింది.

"ఇవాళ బట్టలు ఎవరు వేశారు?"

"నేనే మేడం."

"రోజూ?"

రాసుకునే ఆయన జవాబు కోసం తలెత్తాడు. నేను నేల వైపు చూస్తున్నాను. మొజాయిక్ నేల, నల్ల చుక్కలు, ఒక చోట పగిలి సిమెంటు పూశారు. అది ఇప్పటికీ నాకు బాగా గుర్తుంది.

"రోజూ ఆమె," అన్నాడు మా ఆయన. "నీళ్ళు ఆమె. అన్నం ఆమె. అన్నీ ఆమెనే మేడం. నేనేం జేసుకోను."

డాక్టరమ్మ సరే అంది. మళ్ళీ ఏమీ అడగలేదు. బయటికి వచ్చాక వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. గుండీలు సరిచేయబోతే, ఇంటికి పోయినంక అన్నాడు. అట్లాగే ఇంటికి వచ్చాం.

కాగితం వచ్చింది. యాభై అయిదు శాతం. నలభై దాటింది, గెలిచాం. పిన్ని స్వీటు చేసి తెచ్చింది. ఆమె పోయాక మా ఆయన కాగితం ఇమ్మన్నాడు. ఆయనకు చదవడం వచ్చు గానీ అది ఇంగ్లీషులో ఉంది.

"ఇదేంది, ఈ చివరి మాట?"

"పర్మనెంటు."

"మొదటి దాన్ల ఏం రాసిన్రు?"

"మెరుగైతదని."

"అంటే ఇగ రాదా చెయ్యి?"

"గట్లనే రాసిన్రు."

ఆయన తల ఊపాడు. నేను ఇంకేదైనా అని ఉండాలి. ఆరోగ్యం అరలో ఓదార్పు మాటలు ఉన్న పుస్తకాలు కూడా ఉన్నాయి, చదివాను. ఒక్కటీ నోటికి రాలేదు. మేము అడిగింది ఇదే. ఆయన బాగుపడడని ప్రభుత్వం ఒప్పుకోవాలని కదా మళ్ళీ పోయాం. ఒప్పుకున్నారు. ఆ కాగితం చేతిలో పట్టుకుని ఇద్దరం, బస్సు తప్పిపోయినవాళ్ళలాగా కూర్చున్నాం.

ఆ వారంలోనే మా ఆయన షాపు అన్నకు కబురు పెట్టాడు. మిషన్ తీసుకుపొమ్మన్నాడు. అన్న వద్దన్నాడు, ఉండనియ్యమన్నాడు, తర్వాత చూద్దామన్నాడు. ఊరికే ఉంటే తుప్పు పడతది, నువ్వు తొక్కు అన్నాడు మా ఆయన. ఎవరి గొంతూ పెరగలేదు. అన్న ట్రాలీ ఆటో తెచ్చి ఎక్కించుకుని పోయాడు. మిషన్ ఉన్నచోట నేల రంగు వేరేగా ఉంది. తుడిచి అక్కడ బియ్యం డబ్బా పెట్టాను.

పింఛను దరఖాస్తు పెట్టాం, విచారణకు వచ్చారు, కొన్ని నెలలకు మంజూరయింది. వస్తోంది. మందులకు పోతుంది. రెండోసారి పక్షవాతం ఇప్పటిదాకా రాలేదు. పొద్దున గుండీలు మళ్ళీ నేనే పెడుతున్నాను. ఆయన ఇప్పుడు పక్కకు చూడకుండా నా చేతుల వైపే చూస్తాడు. ఏమనుకుంటాడో అడగలేదు.

ఇక కృతజ్ఞతలు. పేర్లతో చెప్పాలని ఉంది గానీ పేర్లు రాయనని ముందే అన్నాను గనక వరసలతోనే చెబుతాను. చదివితే ఎవరిది వారికి తెలుస్తుంది.

తేనెటీగల పుస్తకం నుంచి చట్టం పుస్తకం దాకా ఏది అడిగినా, ఇది నీకెందుకమ్మా అని ఒక్కసారీ అనని లైబ్రరీ మేడంకు. ఒక్క ముక్క రాయమని చెప్పిన గుమాస్తా సార్‌కు, చివుక్కుమన్నా సరే. టీషర్టు తెచ్చిన పిన్నికి, అది ఇప్పుడు నేను ఇల్లు కడిగేటప్పుడు తొడుక్కుంటున్నాను. రోజూ, అని అడిగిన డాక్టరమ్మకు. ఆ ఒక్క మాట అడగకపోతే ఏమయ్యేదో. చెయ్యి ఆపుకున్న అన్నకు, మిషన్‌కు ప్రతి అమావాస్యకు నూనె వేసి, ఆ సంగతి వచ్చి మాకు చెబుతున్నందుకు కూడా. మా ఆయనకు వేరుగా చెప్పను, చెబితే ఎగతాళి చేస్తాడు.

ఇంకొకామె ఉంది. అప్పీలు రోజు మా పక్కన కూర్చుంది. ఘట్‌కేసర్ అవతల నుంచి వచ్చిందట. పెద్దయిన కూతురిని ఒడిలో తల పెట్టి పడుకోబెట్టుకుంది. ఆ పిల్లకు మాట లేదు. మా ఆయన దగ్గుతుంటే తన సీసాలో నీళ్ళు ఇచ్చింది. ఆయన ఎడమ చేత్తో సీసా పట్టుకుని మూత తీయలేకపోతే ఆమె తీయబోయి, నా మొహం చూసి, ఏదో పద్ధతి ఉందనుకుని ఆగింది. మూత నన్నే తీయమంది. తీశాను. ఆయన తాగాడు. ఆమె టోకెన్ మా తర్వాత. మేము వచ్చేసేటప్పుడు కూతురిని లేపుతోంది. ఆ పిల్లకు ఎంత శాతం వేశారో తెలియదు.